కాటా మీద ఆగిన లారీ

పొద్దున్నించీ అంబాజీపేట యార్డులో కొబ్బరికాయల లారీ కాటా మీదే ఉంది. నేను మేస్త్రీగా ఉన్న హమాలీల ముఠా లోడు నింపేసింది. గేటు మాత్రం లేవదు. లారీ రావడం దగ్గర్నుంచి గేటు లేవడం దాకా అన్నీ కంప్యూటరే వరసగా చేయిస్తుందట. కాటా దాకా వచ్చి ఎర్రక్షరాలు చూపించి ఊరుకుంటోంది.

మేనేజరు రాజేంద్రప్రసాద్ మేడ దిగి వచ్చి, అందరి ముందూ కాటా గుమస్తా యేసురత్నం మీద పడ్డాడు.

"ఆఫీసులో నాకు తూకం బాగానే కనిపిస్తోంది. నీ దగ్గరే ఎందుకాగింది? ఏ బటన్ పడితే ఆ బటన్ నొక్కితే ఆగదూ? రేపట్నించి రాకు."

"రోజూ నొక్కేదే నొక్కేనండి," అన్నాడు యేసురత్నం.

నాకు ఒళ్లు మండింది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. నా మాటకి విలువేముంది? అయినా అన్నాను.

"ఆ ప్రోగ్రాం రాసినోళ్లని పిలవండి. అందాకా నా మనుషులు ఇంకో లారీ ఎక్కరు."

ప్రోగ్రాం రాసిన కంపెనీ తరఫున అమలాపురం నుంచి లావణ్య అనే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. కాసేపు చూసి నిట్టూర్చింది.

"కాటా పని మొదలయ్యేటప్పుడే తూకం చదివే సర్వీసు దాని చేతిలో పెట్టాలండి. ఆ పనిని పుట్టించే కోడ్‌లో, అదే కన్‌స్ట్రక్టర్‌లో, అలా రాసేరు. మీ ఆఫీసు ప్రోగ్రాంలో ఆ సర్వీసు రిజిస్టర్ చేసేరు, అంటే జాబితాలో రాసేరు, అందుకే అక్కడ తూకం కనిపిస్తోంది. క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో, ఈ పనులు నడిపేది వేరే ప్రోగ్రాం. అందులో మావాళ్లు మర్చిపోయేరు."

"చెట్టెక్కి కాయలు కోసే దింపు మనిషి కత్తీ మోకూ తనే తెచ్చుకుంటాడు కదమ్మా?" అన్నాను.

"ఈ కాటా పని తెచ్చుకోదండి మేస్త్రీ గారూ. పుట్టించేవాళ్లే ఇవ్వాలి. ఇవ్వకపోతే అసలు పుట్టదు."

"మరి యేసురత్నం నొక్కిన బటన్?"

"ఆయన ఏది నొక్కినా ఇంతేనండి. తప్పు మాది."

ఆ సర్వీసు అక్కడా రిజిస్టర్ చేసి, ప్రోగ్రాం మళ్లీ నడిపించింది. గేటు లేచింది.

"సరే, పని కానివ్వండి. యేసురత్నం, నువ్వూ కూర్చో," అంటూ మేనేజరు మేడ వైపు తిరిగాడు.

"ఆయ్, అలాగేనండి," అంటూ యేసురత్నం కుర్చీ లాక్కోబోయాడు. అంత మాట పడి కూడా తలొగ్గిన ఆ 'ఆయ్' వినేసరికి నా కోపం రెట్టింపయింది. వెళ్లి లారీ ముందు నిలబడ్డాను.

"ఆగండి. ఇందాక అందరి ముందూ అన్నారు. తప్పు ఈయనది కాదని అందరి ముందే చెప్పండి."

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. మేనేజరు ఫోన్ చూసుకుంటూ ఏదో గొణిగాడు.

"వినపళ్లేదండి," అన్నాను.