బతికున్న నాన్న

"చిన్నప్పటి నుంచే నాలో నాయకత్వ లక్షణాలు ఉప్పొంగేవి" అన్న వాక్యాన్ని ఆమె ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన "పొంగడానికి ఇవేమైనా పాలా?" అని రాసింది. మర్యాద గుర్తొచ్చి దాన్నీ కొట్టేసింది.

ఆ కన్సల్టెన్సీలో ఆమెను సవరణల మేడమ్ అంటారు. బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు చేసేవాళ్ల వ్యాసాలు దిద్దడం ఆమె పని. ఏళ్ల తరబడి వంగి వంగి మెడ ఒక పక్కకు వాలిపోయింది. ఎడమచేత్తో దాన్ని నొక్కుకుంటూ కుడిచేత్తో పరాయివాళ్ల జీవితాలు తీర్చిదిద్దుతుంది. గాజుగదిలోని యజమాని కూడా ఒకప్పుడు ఆమె ముందు చేతులు నలుపుకుంటూ కూర్చున్నవాడే. అతని వ్యాసంలో వినయం చేర్చింది ఆమే. అది ఆ కాగితం దాటి బయటికి రాలేదు.

ఎదురుగా ఉన్న అమ్మాయి గోళ్లు గిల్లుకుంటోంది. తండ్రితో కలిసి లారీ టైర్ల దుకాణం నడుపుతుంది. వ్యాసం ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ మొదటికే వస్తోంది.

"చదివేవాళ్లకి కళ్లు చెమర్చాలటండి. మా నాన్న పోయారని రాస్తే?"

సవరణల మేడమ్ తలుపు వైపు చూసింది. ఆ నాన్న బయట సోఫాలో కూర్చుని నీళ్ల సీసా మూతతో కుస్తీ పడుతున్నాడు.

"ఆయన అక్కడే ఉన్నారు కదమ్మా!"

"ఐడియా ఆయనదేనండి."

తన గురించే మాట్లాడుకుంటున్నారని పసిగట్టి ఆయన లోపలికొచ్చాడు. "నిక్షేపంగా చంపేయండి మేడమ్, పిల్లకి సీటొస్తే చాలు. గుండెపోటు బావుంటుందా, యాక్సిడెంటా?"

ఆమెకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. అమ్మాయి వైపు తిరిగింది. "దుకాణంలో నువ్వు చేసినవాటిలో నీకు నిద్ర పట్టనివ్వనిది ఏదైనా ఉందా?"

అమ్మాయి గోళ్లు గిల్లుకోవడం ఆపింది. "మావయ్యని పనిలోంచి తీసేశానండి. అరిగిన టైర్లకి రంగేసి కొత్తవని అమ్మేవాడు. అప్పట్నుంచి అమ్మ నాతో సరిగ్గా మాట్లాడదు."

"అది రాయి."

"అదేం కథండి? ఇంటి గొడవ."

ఇంతలో యజమాని తల దూర్చాడు. "పార్టీకే అభ్యంతరం లేకపోతే మనకేంటక్కా? చంపేద్దాం. సాయంత్రానికి పంపాలి."

ఆమెకు విసుగు నషాళానికెక్కింది. కీబోర్డు ముందుకు లాక్కుని టకటకా కొట్టింది. తండ్రి ఆమె భుజం మీదుగా వంగి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "నాన్న పోయిన రోజు దుకాణం తాళాలు నా చేతికొచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చోవడానికి..."

నవ్వబోయాడు, కుదరలేదు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"తీసేయండి మేడమ్," అంది అమ్మాయి. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మావయ్య గురించే రాద్దాం. సీటు రాకపోతే పోయింది."

మధ్యాహ్నమంతా మేడమ్, అమ్మాయి కూర్చుని రాశారు. అమ్మాయి రెండుసార్లు ఏడ్చింది, మూడోసారి వాదించింది. వ్యాసం వెళ్లిపోయాక యజమాని వచ్చి, "ఇంత సాగదీస్తే ఎలా అక్కా? వచ్చే నెల నుంచి వ్యాసాలు సాఫ్ట్‌వేరే రాసేస్తుంది. మీరు స్పెల్లింగులు చూస్తే చాలు," అన్నాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"టీ తాగడానికా అక్కా?"

"కాదు బాబూ. ఇంటికి."

పొద్దున్నే వస్తుందిలే అనుకుని అతను ఫోన్‌లో పడిపోయాడు. మర్నాడు ఆమె రాలేదు, ఆ తర్వాతా రాలేదు. బల్ల కింద, ఏసీ చలికి ఆమె ఆఫీసులో తొడుక్కునే గుడ్డచెప్పులు, మడమల దగ్గర పల్చబడి, కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి.