బయటివైపు గడియ

ఆదివారం నాకు సెలవు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఆ రోజు నాకు పని రెట్టింపు. మధ్యాహ్నం వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మా మేనేజరు గారు, వాళ్ళావిడ కోట చూస్తారట. నువ్వొచ్చి నాలుగు ముక్కలు చెప్పు," అన్నాడు.

అడగలేదు, చెప్పాడు. పదకొండేళ్ళుగా ఆ కోటలో నేను గైడుని. ఒక్కో గది గురించి చెప్పే మాటలు పాత దస్తావేజులు తిరగేసి నేనే రాసుకున్నాను. మా అత్తగారి లెక్కలో అది ఉద్యోగమే కాదు. వాచిన కాళ్ళతో నేను గడప దాటగానే, "పొద్దస్తమానం గోడలు చూపించడం కూడా ఒక పనేనా?" అంటుంది. మా ఆయన అంతకంటే మర్యాదస్తుడు, నలుగురిలో ఉన్నప్పుడే అంటాడు. "ఏదో కాలక్షేపానికి వెళ్తోంది సార్."

అత్తగారు కూడా మాతో బయల్దేరింది. కోట దగ్గర సంచులన్నీ నా భుజానికే తగిలించారు. దర్బారు హాల్లో నేను నోరు తెరిచేలోపే మా ఆయన మొదలుపెట్టాడు. జరగని యుద్ధాలు జరిపించాడు, రాజుకి లేని కొడుకుని పుట్టించాడు. నేను సరిదిద్దబోతే, "ఆవిడది పుస్తకాల చదువు సార్. అసలు సంగతి నేను చెప్తాను," అన్నాడు. మేనేజరు నవ్వాడు.

రాణిగారి గది ముందు మేనేజరు గారి భార్య ఆగిపోయింది. "గడియ బయటివైపు ఉందేంటండీ?"

"రాజుగారు ఊళ్ళో లేనప్పుడల్లా ఆవిణ్ణి లోపల పెట్టి గడియ వేయించేవారు. పంతొమ్మిదేళ్ళు. ఆవిడ పుట్టింటికి రాసిన ఉత్తరాలు కోట దాటలేదు. కాపలావాళ్ళ పెట్టెలో నలభై దొరికాయి," అని చెప్పాను.

"రక్షణ కోసం సార్," అని మా ఆయన అడ్డొచ్చాడు.

"పట్టుపరుపులు, పనివాళ్ళు. ఏం తక్కువైందట ఆ మహాతల్లికి?" అంది అత్తగారు.

"ఆడవాళ్ళని అలా పెట్టకపోతే ఇదిగో, ఇలా గైడ్లవుతారు!" అన్నాడు మా ఆయన.

నవ్వుకి గది మారుమోగింది. మేనేజరు గారి భార్య మాత్రం నవ్వలేదు. నా మాట చెల్లే చోటు ఈ ప్రపంచంలో ఇదొక్కటే. ఇక్కడ నేను ఆగమంటే వందమంది ఆగుతారు. ఇక్కడికి కూడా వచ్చి నా నోరు నొక్కుతున్నాడు, అదీ నా సెలవు రోజున.

సంచులు కింద పెట్టాను.

"మీరు బయటికి వెళ్ళండి," అన్నాను మా ఆయనతో.

"ఏంటీ?"

"గైడుని మాట్లాడనివ్వని వాళ్ళని పంపించెయ్యడం ఇక్కడి నిబంధన."

"మతి పోయిందా? సార్ ముందు..."

కాపలా ఆయన్ని పిలిచాను. ఈయన నా భర్త అని తెలిసి కూడా అతను గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. అత్తగారు శాపనార్థాలు పెడుతూ కొడుకు వెంట నడిచింది. మేనేజరు గారికీ, వాళ్ళావిడకీ మిగిలిన గదులన్నీ చూపించాను.

మా ఆయన గేటు దగ్గర ఎర్రబడ్డ మొహంతో కాచుకుని ఉన్నాడు. పళ్ళ బిగువున, "ఇంటికి పద, నీ సంగతి చెప్తా," అన్నాడు.

ఆ మాటకి అర్థం నా వీపుకి తెలుసు.

"ఇంటికి నేను రావడం లేదు," అన్నాను, టిక్కెట్ల వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పేంత గట్టిగా. "చెప్పేదేదో ఇక్కడే చెప్పండి."