లక్ష్మీనారాయణ అడుగులు

రెండో రోజు నడక పొద్దున ఐదింటికే మొదలైంది. కళావతి మోకాలికి పట్టీ బిగించి, నాలుగు ముద్దలు ఉప్మా తిని, మిగతా ఆడవాళ్లతో కలిసి పాలకుర్తి గుట్ట మీది గుడికి దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఒళ్లు మండుతుంది. ఆమె వేసిన ప్రతి అడుగుకూ మట్టిలో ఆమె భర్త లక్ష్మీనారాయణ పాదం గుర్తు పడుతోంది, వెడల్పుగా, బొటనవేలు పక్కకు తిరిగి.

ఆ దారిలో అది మామూలే. ఎవరు నడిచినా, మొక్కు ఎవరిదో మట్టిలో అడుగు వాళ్లది. హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం నిలదొక్కుకుంటే ఏటా కార్తీకంలో నడిచి వస్తానని మొక్కింది ఆయన. దుకాణం రెండంతస్తులైంది. భార్య నడిస్తే భర్త నడిచినట్టేనని ఇంట్లో పెద్దలంతా తీర్మానించారు. పదకొండేళ్లుగా బొబ్బలు ఆమెవి, పుణ్యం ఆయనది. గుట్ట కింద గుడి కమిటీ వాళ్లు మట్టిలో అడుగులు చూసి, "సేటు వచ్చిండు" అని రాసుకుంటారు. ఆ సేటు ఏసీ కారులో వెనకాలే వస్తాడు. కారులో కూడా చెప్పులు వేసుకోడు మరి, అంత నిష్ఠ!

"మోకాలు చూడు చెల్లె, గుమ్మడికాయ లెక్కున్నది," అంది పక్కన నడుస్తున్న మొగిలమ్మ. ధర్మసాగర్‌లో కూలి చేసుకునే ఆమె తన మొక్కు తానే నడుస్తోంది.

"ఇయ్యాల్టితోని అయిపాయె అక్కా. రేపే దవాఖానల చేరుడు, ఆపరేషన్. ఇంక ఆలస్యం చేస్తే కాలు ఎప్పటికీ వంగదని డాక్టర్ చెప్పిండు."

మధ్యాహ్నం కారు పక్కన ఆగింది. డ్రైవర్ ఓంప్రకాశ్ పులిహోర డబ్బా అందించాడు. లక్ష్మీనారాయణ అద్దం దించాడు.

"జర జల్ది నడువు. ఐదింటికి అభిషేకం ఉన్నది. అన్నట్టు, రేపటి ఆపరేషన్ క్యాన్సిల్ చేయించిన. పెండ్లిళ్ల సీజన్, దుకాణంల పనోళ్లకు వంటెవరు చేస్తరు? ఎండాకాలంల చూద్దాం."

"నన్నడిగిండ్రా?"

"అడిగేదేమున్నది? కాలేమన్న పారిపోతదా?"

కళావతికి ఒళ్లంతా భగ్గుమంది. పులిహోర డబ్బా తీసి కారు ముందు అద్దానికేసి కొట్టింది. రోడ్డు పక్క మట్టిలో చతికిలబడింది.

"ఇంకొక్క అడుగు వెయ్య. మీ మొక్కు మీరే నడువుండ్రి. పదకొండేండ్ల సంది నా కాళ్లు అరిగినయి. నొస్తున్నదా అని ఒక్కనాడన్న అడిగిండ్రా?"

ఆమె కూర్చుంది గానీ ఆయన అడుగుల గుర్తులు ఆగలేదు. ఆమె ముందు మట్టిలో ఒకటి పడింది, దాని ముందు ఇంకొకటి. లక్ష్మీనారాయణ అరుచుకుంటూ కారు దిగాడు. కాలు కింద పెట్టగానే అది పోయి ఆ గుర్తులో కూర్చుంది. రెండో కాలు తర్వాతి గుర్తులో. ఆగుదామన్నా ఆయన వల్ల కాలేదు.

"ఏయ్ కళా! పట్టుకోవే!"

కళావతి కదల్లేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మొక్కుకున్న సేటు దిగిండు, పక్కకు జరుగుండ్రి," అని మొగిలమ్మ దారి ఇప్పించింది. ఆయన కంకర మీద కుయ్యో మొర్రో అంటూ మలుపు తిరిగాడు. గుట్ట ఇంకా పదహారు కిలోమీటర్లు.

కళావతి నవ్వలేదు. ఆ కోపం అంత తొందరగా దిగేది కాదు. కుంటుకుంటూ కారు దాకా వచ్చి, తలుపు దగ్గర ఆగి కిందికి చూసింది. మట్టిలో సన్నటి పాదాలు, ఆమెవే, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

ఓంప్రకాశ్ మలుపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎటు పోదాం మేడం?"

"వరంగల్. దవాఖానకు ఫోన్ కలిపి ఇటియ్యి. పేషంట్‌ను నేను, నేనే మాట్లాడుత."