ఇవతలి గట్టు కుండలు

ముట్టె తడిగా ఉంటే ఆవు బాగున్నట్టు. చెవి మొదలు కాలకుండా ఉంటే ఇంకా బాగున్నట్టు. ఆ రెండూ చూసుకుంటూ ముసలయ్య మందలో ఒక్కొక్క ఆవు దగ్గరికీ వెళుతున్నాడు. మాఘమాసపు మంచు కాలువ మీద ఇంకా విడలేదు. భుజాన గొంగళి, చంకలో కర్ర. కుడికాలి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో ఒక కోడె తొక్కి ఊడగొట్టింది. పుట్టిన పసివాడికి ముసలయ్య అని పేరు పెట్టిన మహానుభావులెవరో గాని, ఆ పేరుకు తగిన మనిషి కావడానికి అతనికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు తల ముగ్గుబుట్టయింది. పిక్కలు మాత్రం రాయిలా ఉన్నాయి. ఏటా కొండలెక్కి దిగే పిక్కలు మరి.

ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక ఆ చుట్టుపక్కల బీడన్నది మిగల్లేదు. మనిషికి గింజల కరువు తీరింది గాని గొడ్డుకి గడ్డికరువు వచ్చిపడింది. నాట్లు మొదలు కోతలదాకా పశువు నోరు పెట్టడానికి చోటుండదు. అందుకని తొలకరి పడగానే ఊళ్ళో వట్టిపోయిన ఆవుల్నీ పెయ్యల్నీ పోగుచేసి, గోదావరి ఒడ్డమ్మట పట్టిసీమ దాటి కొండల్లోకి తోలుకుపోవాలి. కోతలయ్యాక మళ్ళీ తోలుకురావాలి. ముసలయ్య తండ్రి ఆ పనే చేశాడు, ముసలయ్యా అదే చేస్తున్నాడు.

ఊళ్ళో కలిగినవాళ్ళు తక్కువ. ఇంటికో చెక్క పొలం, ఒక ఆవు, రాత బాగుంటే ఒక జత ఎడ్లు. ఆవు పోతే పాలొక్కటే కాదు, దాని దూడ పోతుంది, ఆ దూడ ఎదిగి దున్నాల్సిన దుక్కి పోతుంది. ఇది తెలిసిన మనిషి గనక ముసలయ్య కొండల్లో మందని నిలవనీటి గుంట దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. బక్కదాన్ని ముందు మేతకి వదిలి, ఒళ్ళున్నదాన్ని వెనక్కి పట్టేవాడు. జబ్బు పశువుకి వెదురుగొట్టంతో మందు పోస్తే, ఆ గొట్టం మళ్ళీ ఇంకోదాని నోట్లో పెట్టడు. నిప్పుల్లో పడేసి కొత్తది కోసుకుంటాడు. వీడికి వెదురు మీద ఏదో పగుందిరా అని తోటి కాపర్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, అతని మంద నిగనిగలాడుతూ తిరిగొచ్చేది.

ఈసారి కొండల్లో పెద్దరోగం పుట్టింది. ఆ రోగం మందలో పడిందంటే పాకలు ఖాళీ అవడమే, దానికి మందు లేదు. ముసలయ్య ముందే పసిగట్టి తోలుకొచ్చేశాడు గాని ఊళ్ళోకి తేలేదు. కాలువకి ఇవతలి గట్టునే ఆపేశాడు. పున్నమి వెళ్ళేదాకా ఒక్క గొడ్డూ పడకపోతే మంద దాటొచ్చు. అప్పటిదాకా ఇటునుంచి అటు ఏదీ పోకూడదు. పశువు పోకూడదు, తాడు పోకూడదు, మనిషీ పోకూడదు. ఇది ఊరు పెట్టిన కట్టడి కాదు, ముసలయ్య తనకి తాను పెట్టుకున్నది.

అతని భార్య సుబ్బాయమ్మ రోజూ మధ్యాహ్నం అవతలి గట్టుకి కూడు తెచ్చేది. కాలువ దాటించే బుల్లియ్య తాటిదోనెలో ఆ కుండ తెచ్చి, దోనె దిగకుండానే గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. వచ్చిన కుండ తిరిగి పోదు. అలా కుండలన్నీ తుమ్మమోడు పక్కన వరసగా చేరాయి. ముసలయ్య వాటిని కడిగి బోర్లించేవాడు. అటు ఆమె, ఇటు ఇతను కూర్చుని కేకలతో కబుర్లు చెప్పుకునేవారు. ఊరంతా వినే కబుర్లలో ఏముంటుంది? ఆవు ఎలా ఉందని ఇతను, మంద ఎలా ఉందని ఆమె. నిజానికి పెళ్ళయిన నాటినుంచీ వాళ్ళ కాపురం సగమే. ఏడాదిలో సగం అతను కొండల్లో, ఆమె పిల్లాజెల్లా లేని ఇంట్లో. పగలంతా ఆమె ముఖం చూడాలని అతనికి ఎంత బెంగగా ఉండేదో ఆ ఆవులకే తెలియాలి.

ఇంకో చిన్న కోరిక కూడా ఉంది, చెబితే నవ్వుతారు. జున్ను. వానాకాలంలో ఈనిన ఆవుల జున్ను వాడంతా తినేది, ముసలయ్య ఒక్కడే ఎరగడు. ఈసారి తన ఆవు మాఘంలో ఈనుతుంది. చూలుది కదా అని ఇంటి దగ్గరే ఉంచాడు, సుబ్బాయమ్మ గట్లమీద గడ్డి కోసుకొచ్చి మేపింది. ఆవు ఈనేనాటికి గుమ్మంలో ఉంటానని చెప్పి వెళ్ళాడు. పున్నమి రేపే.

మందంతా చూసుకుని, దూరంగా తాటిచెట్టుకి కట్టిన ఎర్ర పెయ్య దగ్గరికి వెళ్ళాడు. అది భీమరాజు గారిది. నెమరు మానేసిందని అనుమానమొచ్చి వేరు చేసి కట్టాడు, ఉత్త అజీర్తి అయితే బాగుండునని ఊళ్ళో దేవతలందరికీ మొక్కుకున్నాడు. దేవతలు వినలేదు. పెయ్య పడుకునుంది. ముట్టె ఎండిపోయింది, కళ్ళు నీరుకారి పుసి కట్టాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళ మీద తవుడు చల్లినట్టు పొక్కులు. ముసలయ్య దాని పక్కనే కూలబడ్డాడు. పున్నమి రేపనగా ఇదా అని ఏడుపొచ్చింది. పెయ్య అతని అరచేతిని ఒకసారి నాకింది. పొద్దెక్కేసరికి పోయింది.

గొయ్యి ఒక్కడే తవ్వాడు. తోలు తీయకుండా, తాడుతో సహా పెయ్యని అందులోకి దించి, సున్నం చల్లి పూడ్చాడు. మళ్ళీ పున్నమిదాకా ఇక్కడే. ఆ మాట సుబ్బాయమ్మకి ఎలా చెప్పాలా అనుకుంటూ గట్టు మీదికొచ్చేసరికి అవతల సుబ్బాయమ్మ లేదు. ఆమె అక్క అచ్చాయమ్మ నిలబడి ఉంది, పక్కన భీమరాజు.

సుబ్బాయమ్మకి చాలా రోజులుగా ఆయాసమట. గట్టుకొచ్చే దారిలో నాలుగుచోట్ల కూర్చుని లేచేదట, అది ఇతనికి చెప్పనివ్వలేదట. పొద్దున్నించి మరీ లేవలేకుండా ఉంది, వైద్యుడు చెయ్యి చూసి పెదవి విరిచాడు. ఇదంతా అచ్చాయమ్మ కేకేసి చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చెయ్ మరిదీ," అంది చివరికి. "ఇయ్యాళ దాటదయ్యా."

భీమరాజు నోరు పెద్దదే గాని మనసు మంచిది. పెయ్య సంగతి ముసలయ్య చెబితే విని, రెండడుగులు నీళ్ళ దగ్గరికొచ్చాడు.

"పోయిన పెయ్య నాది, నేనే చెబుతున్నాను. కాలవలో మునిగి, పసుపునీళ్ళు పోసుకుని రారా. మంద దగ్గరికి ఇంకోణ్ణి పంపుతాను. నిన్నెవడూ ఏమీ అనడు."

బుల్లియ్య దోనె తెచ్చి గట్టుకి ఆనించాడు. ముసలయ్య కర్ర కింద పెట్టాడు. ఒక కాలు దోనెలో పెట్టాడు. దోనె ఊగింది.

పెళ్ళయిన ఏడు కూడా ఇలాగే మంద ఇవతల ఆగింది. అప్పుడతనికి మీసకట్టు నల్లగా ఉంది, ఇంట్లో కొత్త పెళ్ళాం ఉంది. ఆగలేకపోయాడు. ఒక సాయంత్రం దిగువన ఎవరూ లేనిచోట కాలువ ఈది ఇంటికి వెళ్ళాడు. ఒళ్ళు కాలువే కడిగిందిగదా, ఇంకేం భయమనుకున్నాడు. సుబ్బాయమ్మ పుట్టింటివాళ్ళు అరణమిచ్చిన ఆవు పొట్ట ఉబ్బి రొప్పుతోంది. మొలలో వెదురుగొట్టం ఉంది. కాపరి మొలలో అది ఎప్పుడూ ఉండేదే, ఉన్నట్టు కూడా తెలీదు. దానితోనే ఆముదం, వాము కలిపి పోశాడు. ఉబ్బు తగ్గింది, సుబ్బాయమ్మ మురిసిపోయింది. తెల్లారకుండా వెనక్కి ఈదేశాడు. ఆ గొట్టం అంతకుముందే మందలో జబ్బు ఆవు నమిలినది. వారం తిరక్కుండా అరణపు ఆవు పోయింది, తర్వాత ఆ పక్క పాక, ఆ పక్క పాక, వీధి వీధంతా. బిడ్డొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ అంటారు కదా, ఒక ముసలమ్మ కొత్తకోడలి మొహం మీదే ఆ మాట అంది. సుబ్బాయమ్మ తల వంచుకుని ఆ నింద పడింది. మొగుడు ఆ సాయంత్రం వచ్చాడని మాత్రం ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు, అతన్నీ ఒక్క మాట అడగలేదు.

ముసలయ్య తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళలో గొయ్యి తవ్విన మట్టి, అరచేతిలో ఎండిన పెయ్య చొంగ. దోనెలోంచి కాలు తీసేశాడు.

"ఆమెని గట్టుదాకా తీసుకురాగలరాండీ?" అని అడిగాడు.

పొద్దు వాలుతుండగా నులకమంచం మీద తెచ్చారు. మంచంకోడు ఒకటి భీమరాజు భుజాన ఉంది. మంచాన్ని నీళ్ళకి దగ్గరగా దించి, తల కింద దుప్పటి మడిచి పెట్టి ఎత్తుగా కూర్చోబెట్టారు. ఇంతలో మనిషి ఇంత అయిపోయింది. అయినా ముక్కుపుడక ఎండకి మెరిస్తే ముసలయ్యకి ఇటునుంచి కనిపించింది. అతను నీళ్ళలోకి మోకాలిలోతు దిగి నిలబడ్డాడు. అవతల అందరూ రమ్మని చేతులూపుతున్నారు. సుబ్బాయమ్మ కూడా చెయ్యి ఎత్తింది. పిలుస్తోందనుకున్నాడు. ఆ చెయ్యి అడ్డంగా ఊగింది.

ఆమె గొంతు ఇటుదాకా రావడం లేదు. అచ్చాయమ్మ ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విని, లేచి కేకేస్తోంది.

"రావద్దంటోంది. రాత్రి ఆవు ఈనిందంట. పెయ్యదూడంట. రావద్దంటోంది."

మళ్ళీ వంగింది. ఈసారి లేచి, తనకే అర్థం కానట్టు చెల్లెలి వంక చూసింది.

"అప్పుడొకసారి ఈదుకొచ్చావు కదా, అది చాల్లే అంటోంది. ఎప్పుడొచ్చావు మరిదీ?"

ముసలయ్య మంచం మీదనుంచి చూపు తీయలేదు.

"పెళ్ళయిన ఏడు, వదినా," అన్నాడు.

భీమరాజు ఆ ఏడాది సంగతి ఎరిగిన మనిషి. ఆ ఏడు వాళ్ళ పాక కూడా ఖాళీ అయింది. అతను మంచంకోడు పక్కన నేలమీద కూర్చున్నాడు. ఇంక రమ్మనలేదు.

సుబ్బాయమ్మ ఒక కుండ చూపించింది. ఎవరు వారించినా వినకుండా తెల్లారకముందే లేచి, పొయ్యి ముందు కూర్చుని తనే చేసిందట. నేను ఇంటికెళ్ళాక తినమను అందట. బుల్లియ్య దాన్ని తెచ్చి గట్టుమీద పెట్టాడు. ముసలయ్య ముట్టుకోలేదు, చూపు మరల్చితే ఏం తప్పిపోతుందోనని భయం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. మధ్యలో కాలువ తన దారిన తాను పోతోంది. ఎండ పచ్చబడి, ఎర్రబడి, తాటిచెట్ల మొవ్వుల్లోకి ఎక్కింది. ఒకసారి ఆమె కొంగు సర్దుకున్నట్టనిపించింది. తర్వాత అచ్చాయమ్మ వంగింది. చాలాసేపు అలాగే వంగి ఉంది. అవతలినుంచి ఏడుపు వినిపించింది.

మంచం ఎత్తుకుని వాళ్ళు గట్టమ్మట నడిచారు. ఇవతలి గట్టు మీద ముసలయ్య వాళ్ళతో సమానంగా నడిచాడు. దారి ఊళ్ళోకి మళ్ళేచోట ఆగిపోయాడు. ఊళ్ళోంచి ఆవు అరుపు వినిపించింది, కొత్తదూడ కోసం ఆవు అరిచే అరుపు. అది తన ఆవేనని గొంతు పోల్చుకున్నాడు.

తిరిగొచ్చి మందలో ఒక్కొక్క ఆవు ముట్టె తడిమి చూశాడు. అన్నీ తడిగానే ఉన్నాయి. ఆకాశంలో వెలుగు ఇంకా కొంచెం మిగిలుంది. తుమ్మమోడు దగ్గర కూర్చుని, బోర్లించిన కుండల పక్కనున్న ఆ కొత్త కుండని ఒళ్ళోకి తీసుకుని, పైనున్న అరిటాకు విప్పాడు.

మిరియాలు, బెల్లం వేసి వండిన జున్ను. గట్టిపడిందో లేదోనని ఆమె నొక్కి చూసిన వేలి గుంట ఒకటి, నడిమధ్యన అలాగే ఉంది.