ఆరు గంటల సెలవు

నీలిమ ఓడ దిగి ఒడ్డున గడపగలిగేది ఆరు గంటలే. ఆ ఆరు గంటల కోసం ఉమామహేష్ నెల రోజులుగా ఏర్పాట్లు చేస్తూనే ఉన్నాడు.

క్రూయిజ్ ఓడలో గదులు శుభ్రం చేసే ఉద్యోగం ఆమెది. చెన్నైలో బయల్దేరే ఆ ఓడ ఈసారి విశాఖ రేవులో ఒక పగలు ఆగుతుందని, తను పదింటికి దిగి నాలుగింటికల్లా మళ్లీ ఎక్కెయ్యాలని ఫోన్‌లో చెప్పింది. పెళ్లయిన మూడేళ్లలో భార్యను సరదాగా ఎక్కడికీ తిప్పలేదు ఉమామహేష్. ఎప్పుడూ సముద్రం మీద చేపల వేటే. అందుకే ఈసారి రుషికొండలో సముద్రం కనబడే గది మాట్లాడాడు. తర్వాత కైలాసగిరి మీద రోప్‌వే, దిగొచ్చాక బీచ్‌లో మరమరాల మురీ మిక్చరు, ఇద్దరికీ కలిపి ఒక మంచి ఫొటో. స్నేహితుడు సింహాద్రిని అడిగి బండి తెచ్చుకున్నాడు. తల్లి కాసులమ్మ పొద్దున్నే వంజరం చేప ముక్కలు వేయించి డబ్బాలో పెట్టింది. కోడలంటే పరాయి పిల్ల కాదు, సొంత తమ్ముడి కూతురు.

పోర్టు గేటు దగ్గర నీలిమను అతను ముందు పోల్చుకోలేదు. అంతగా చిక్కిపోయింది. ఫినాయిలు నీళ్లకు చేతులు పాలిపోయి ఉన్నాయి.

"ఏటి బావ, అలా సూత్తన్నావ్?"

"ఏటీ నేదు. ఎక్కు బేగి. ఏసీ రూమ్ బుక్ సేసీసినాను. ఇయ్యాల నువ్వు పక్క ఎయ్యక్కర్నేదు, తుడవక్కర్నేదు. పడుకోడమే."

ఆమె నవ్వి బండెక్కింది. బీచ్ రోడ్డు సగం దాటాక అతని భుజం తట్టి ఆపమంది.

"రూమొద్దు బావ. పాపని ఎక్కడ పెట్టేవో అక్కడికి తీస్కెల్లు."

ఉమామహేష్ ఇంజను ఆపేశాడు.

కిందటేడు శ్రావణంలో, ఎనిమిదో నెలలోనే నీలిమకు కాన్పయింది. ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. మత్తులో ఉన్న తల్లికి చూపించొద్దని, చూస్తే తట్టుకోలేదని పెద్దలు అన్నారు. తువ్వాలులో చుట్టిన బిడ్డను ఉమామహేషే ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లి పూడ్చి వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నీలిమ అడిగినప్పుడల్లా అతను వల భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. ఓడలో ఉద్యోగానికి అర్జీ పెట్టింది ఆ తర్వాతే.

"ఇప్పుడెందుకే అయ్యన్నీ? ఉన్నదే ఆరు గంటలు."

"అందుకే అడగతన్నాను."

అతను బండి వెనక్కి తిప్పాడు. తమ జాలరిపేట చివర సరుగుడు తోపు దగ్గర ఆపి, ఆమెను గట్టు అంచు దాకా నడిపించాడు. అక్కడ ఒడ్డు నిలువునా కోసుకుపోయి ఉంది. మిగిలిన చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి.

"ఎక్కడ?" అంది నీలిమ.

అతను నీళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"అల ఇరుగుతంది సూడు, అక్కడ. అప్పుడు అదంతా తోపే. సెట్టు కింద పెట్టినాను. కార్తీకంలో తుపానుకి గట్టంతా పోనాది. మర్నాడొచ్చి సూత్తే సెట్టూ నేదు, ఏటీ నేదు. నీకెలా సెప్పమంతావ్?"

నీలిమ ఉన్నచోటనే కూలబడింది. అరుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె అల విరిగే చోటునే చూస్తూ అడిగింది.

"ఎలాగుందో సెప్పు బావ. నువ్వు సూసినావ్ కదా. నాను సూడనేదు."

ఉమామహేష్ ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు. ఆ రోజు సంగతి తల్లితో కూడా అనలేదు.

"జుట్టు బాగా ఉంది. నీకున్నట్టే నొక్కుల జుట్టు. కుడిసెవి మడతడిపోయుంది. నాను ఏలితోటి సరిసేసినాను. మల్లీ మడతడిపోనాది."

"బరువుండేదా?"

"నిద్దరోయిన పిల్ల ఎంతుంతాదో అంతే."

అంతవరకే చెప్పగలిగాడు. మొహం మోకాళ్ల మధ్య దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నీలిమ అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె కళ్లు మాత్రం తడవలేదు. లాడ్జి వాళ్లు ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. మూడు దాటే దాకా ఇద్దరూ అక్కడే ఉండిపోయారు.

గేటు దగ్గర దిగాక నీలిమ చెప్పింది.

"ఇంకో ఏడాదికి సంతకం పెట్టీసినాను బావ."

"నా మీద కోపమేటే?"

"కోపం కాదు. ఆ ఇంట్లో అందరూ ఏటీ జరగనట్టే తింతారు, తొంగుంతారు. నానలా ఉండనేను. ఈ మాటలు నువ్వు అప్పుడే సెప్పుంటే ఎల్లకపోదునేమో."

అతను వంజరం డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పాసు చూపించి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఆ ఓడ రెండుసార్లు విశాఖ వచ్చింది. రెండుసార్లూ ఉమామహేష్ గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డాడు. నీలిమ దిగలేదు. ఫోన్ మాత్రం చేసేది.

"ఇంకేటైనా గురుతొచ్చిందా బావ?" అని అడిగింది ఒకరోజు.

"ఒచ్చినాది. ఆటో గోతుల్లో పడతంటే తల అరిసేతిలో పట్టుకున్నాను. పిల్ల నిద్దర్లోంచి లెగిసిపోతాదేమో అనిపించింది."

అవతల నీలిమ భోరుమంది. బిడ్డ పోయాక ఆమె ఏడుపు అతను వినడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టెయ్యకుండా వింటూ కూర్చున్నాడు.