నీడ పడ్డ ఇళ్లు

మధ్యాహ్నం అన్నాలయ్యాక, మగ్గాల పనికి వలసొచ్చినవాళ్లుండే లింబాయత్‌లోని ఆ గల్లీలో వేపచెట్టు నీడ ఇళ్లకు బయల్దేరేది. గడప దాటి లోపలికొచ్చి, కాసేపు నేలమీద పరుచుకుని, పక్కింటికి వెళ్లేది. అది వచ్చే వేళకు ఆడవాళ్లు తలుపులు తీసిపెట్టేవాళ్లు.

ఆ ఏడు కొమురవ్వ ఇంట్లో మాత్రం ఎక్కువసేపు ఉంటోంది. ఆమె మొగుడు రాజమల్లు మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. రెండోసారి కరోనా వచ్చినప్పుడు బతికి బయటపడ్డాడు గానీ, నాలుగడుగులేస్తే ఆయాసం. రేకుల కింద ఆ వేడికి ఊపిరాడేది కాదు. నీడ వచ్చి ఛాతీ మీద పడ్డాకే అతనికి కన్నంటుకునేది. కొమురవ్వ పక్కన కూర్చుని చీరలకు చమ్కీలు అతికిస్తూ, నీడను తొక్కకుండా కాళ్లు ముడుచుకునేది.

జూన్‌లో చెట్టుకు నోటీసు అంటించారు. ఇంటి యజమాని జయంతిభాయ్ అక్కడ దుకాణాలు కట్టుకోవడానికి చెట్టు కొట్టేస్తానని మున్సిపాలిటీని అనుమతి అడిగాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. గల్లీలో చాలామంది అతని కిరాయిదార్లే కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

"మనకెందుకే? గది ఖాళీ చేయమంటడు," అన్నాడు రాజమల్లు.

"అంటే అననీ. గది ఇంకోటి దొరుకుతది. నీ ఊపిరి యాడ దొరుకుతది?"

కొమురవ్వ మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి, వచ్చిన హిందీలో ఉన్నదున్నట్టు చెప్పింది. చెట్ల అధికారిణి శ్రద్ధగా విని, నీడ ఎవరెవరి మీద పడుతుందో వాళ్లందరి మాటా వినాలని, తానే వచ్చి చూస్తానని చెప్పింది. ఆ సాయంత్రమే జయంతిభాయ్ గది ఖాళీ చేయమన్నాడు. ఆమె మొహం చూడకుండానే అన్నాడు. ఏప్రిల్లో భార్య కరోనాతో ఆస్పత్రిలోనే పోయినప్పటినుంచీ అతను ఎవరి మొహమూ చూడడం లేదు.

చెప్పినట్టే అధికారిణి వచ్చింది. నీడ వెంట ఇల్లిల్లూ తిరిగి, అది ఆగినచోటల్లా సుద్దముక్కతో గీత గీసింది. కొమురవ్వ ముందు నడవడం చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే అభ్యంతరం చెప్పి పేర్లు రాయించారు. చివరికి నీడ కొమురవ్వ ఇంటి నుంచి బయటికొచ్చి మేడమెట్లెక్కి, జయంతిభాయ్ ఇంట్లో తాళం వేసిన గది తలుపు కిందినుంచి లోపలికి దూరింది.

ఆ గది చూడాలంది అధికారిణి. అతను చాలాసేపు తటపటాయించి తాళంచెవి తెచ్చాడు.

లోపల కిటికీలు మూసి ఉన్నాయి. నీడ మంచం మీద ఒక పక్కగా, అతని భార్య పడుకునే వైపు పరుచుకుని ఉంది. దిండు మీద ఎండిన వేపపూలు రాలి ఉన్నాయి, ఒకనాటివి కావు.

"రోజూ ఇక్కడికి వస్తోందా?" అని మెల్లగా అడిగాడు జయంతిభాయ్.

"మా ఇంటికెల్లి సీదా మీ ఇంటికే వస్తది, సేఠ్. మీకెరికేననుకున్నం," అంది కొమురవ్వ.

అతను మంచం అంచున కూర్చున్నాడు. నీడ కొంచెం జరిగి చోటిచ్చింది. ఆకుల కదలిక అతని చేతుల మీద ఆడుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాడు. అధికారిణి వెళ్లబోతుంటే తలెత్తాడు.

"నా అభ్యంతరం కూడా రాసుకోండి," అన్నాడు.

కొట్టేస్తానన్నదీ అతనేనని ఆమె గుర్తుచేయలేదు. కొమురవ్వ పేరు కింద అతని పేరు రాసుకుంది. గది ఖాళీ చేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొమురవ్వ నీడను తొక్కకుండా మంచం చుట్టూ తిరిగివెళ్లి కిటికీ రెక్కలు రెండూ తెరిచింది.