పక్కసీటు కొలత

బ్రేకు మాస్టారు తన డ్రైవింగు స్కూల్లో నాలుగు వేల మందికి కారు నేర్పారు. వాళ్ళలో డాక్టర్లున్నారు, జడ్జీలున్నారు, కుడి ఎడమలకు తేడా తెలియని లెక్కల పంతులు కూడా ఒకాయన ఉన్నాడు. ఆయన నేర్పలేకపోయింది ఒక్క మనిషికే. ఆ మనిషి ముప్ఫై ఏళ్ళుగా ఆయన భార్యగా ఆయన ఇంట్లోనే ఉంటోంది.

బ్రేకు మాస్టారన్న పేరు ఊరికే రాలేదు. నేర్పే కార్లలో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు పెడలుంటుంది, శిష్యుడు గోడ మీదికి పోతుంటే గురువు తొక్కడానికి. ఇన్నేళ్ళూ దాని మీద కుడికాలు పెట్టుకుని కూర్చుని కూర్చుని, చివరికి ఆ కాలు ఆయన చెప్పుచేతల్లో లేకుండా పోయింది. బస్సెక్కితే తొక్కుతుంది. క్షవరం కుర్చీలో కత్తెర చెవి దగ్గరికి వస్తే తొక్కుతుంది. ఇంట్లో సోఫా ముందు, ఆయన కూర్చుని టీవీ చూసే చోట, తివాచీకి సరిగ్గా మడమంత చిల్లు పడింది. ఒకసారి సినిమాలో కార్లు తరుముకుంటుంటే ముందు కుర్చీని తన్నితన్ని విరగ్గొట్టారు. మర్నాడు ఆయన భార్యే వెళ్ళి దాన్ని బాగుచేసి వచ్చింది.

బాగుచెయ్యక ఏం చేస్తుంది, ఆవిడ పనే అది. సోఫాలు, హాలు కుర్చీలు, కార్ల సీట్లు, ఏదైనా సరే తోలు కోసి, స్పాంజి చెక్కి, కుట్టి ఇస్తుంది. ఊరంతా సీట్ల మేడం అంటారు.

పెళ్ళైన కొత్తలో మాస్టారు ఆవిడకీ నేర్పబోయారు. మొదటి పాఠంలో ఇంటి నుంచి కూడలి దాకా పదిహేడు సార్లు బ్రేకు తొక్కారు. పదిహేడోసారికి ఆవిడ బండి దిగి, తలుపు మెల్లగా వేసి, నడిచి ఇంటికి వచ్చేసింది. గట్టిగా విసిరి వేసి ఉంటే మాస్టారికి కాస్త ఊరటగా ఉండేదేమో. ఆ తరవాత ఆవిడ స్టీరింగు ముట్టుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చునేవారు. ఆయనకు సిగ్గుగా ఉండేది, అంతే.

అలాంటిది, పోయిన ఏడాది ఆవిడ చెప్పాపెట్టకుండా పక్కవీధి స్కూల్లో చేరి, నెల తిరక్కుండా లైసెన్సు తెచ్చి ఫ్రిజ్జుకి అంటించింది. ఈ ఏడాది తన సంపాదనతో ఏకంగా కారే కొనేసింది. మామూలు కారా? మీట నొక్కితే పన్నెండు సెకన్లలో పైకప్పు వెనక్కి మడుచుకుపోయే స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నించున్న చోటి నుంచి నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

"నాలుగు సెకన్లా? మా స్టూడెంట్లకి సీటు బెల్టు దొరకడానికే నాలుగు నిమిషాలు పడుతుంది" అన్నారు మాస్టారు.

"అందుకేగా మీ స్కూల్లో చేరనిది" అంది ఆవిడ.

కొన్న వస్తువును కొన్నట్టు వాడుకునే మనిషి కాదావిడ. షోరూంలో అమ్మాయి రంగుల పుస్తకం ముందు పెడితే, ఎరుపులూ పసుపులూ ఒక్కటీ నచ్చలేదు. తన సంచిలోంచి వంకాయరంగు తోలుముక్క ఒకటి తీసి, దీన్ని పోలిన పెయింటు వేస్తేనే బండి తీసుకుంటానని భీష్మించుకుంది. వేయించుకుంది కూడా. బండి ఇంటికొచ్చాక కంపెనీ సీట్లను నాలుగువైపుల నుంచీ నొక్కి చూసి పెదవి విరిచింది.

"ఇవి ఎవరి కోసమూ కుట్టినవి కావు" అని ఆ వారంలోనే వాటిని విప్పి అటకెక్కించింది. స్టీరింగుకు తేనెరంగు దారంతో కొత్త తొడుగు కుట్టింది. గేరు పిడికి తోలు, తలుపుల లోపలివైపుకు మెత్తలు, కాళ్ళ కింద కొత్త పరుపు. తన సీటు తన ఒంటికి సరిగ్గా కుట్టుకుంది. ఎక్కి కూర్చుంటే ఆవిడా బండీ ఒకేసారి తయారైనట్టుండేది. ఇక మిగిలింది పక్కసీటు.

"అది మీకే" అంది మొదటిరోజే. మాస్టారు లోలోపల పొంగిపోయారు. వచ్చే ఆదివారం కప్పులేని కార్ల వాళ్ళందరూ కలిసి ఊరు దాటి సవారీ వెళ్తున్నారు. అందులో భార్య పక్కన దర్జాగా కూర్చోవాలని ఆయనకు మహా కోరికగా ఉంది. కూర్చునేలోగానే పై ప్రాణాలు పైనే పోతాయేమోనన్న భయమూ ఉందనుకోండి. అది పైకి చెప్పలేదు.

సీట్ల మేడం కొలత తీసే పద్ధతి వేరు. సన్నటి గింజలు నింపిన రబ్బరు సంచిని సీటు చోట, అంచు మడమల కిందిదాకా వచ్చేలా పరిచి, దాని మీద మనిషిని కూర్చోబెట్టి, బండి నడిపిస్తుంది. ఆగిన బండిలో అందరూ బుద్ధిగానే కూర్చుంటారట, అసలు కూర్చోవడమేమిటో కదిలే బండిలోనే తెలుస్తుందట. మనిషి కుదురుకున్నాడనిపించగానే చిన్న పంపు మీట నొక్కితే సంచిలో గాలంతా పోయి, కూర్చున్న మనిషి ఆకారం అచ్చుగా పడి రాయిలా గట్టిపడుతుంది. ఆ అచ్చును బట్టి స్పాంజి చెక్కుతుంది.

మాస్టారితో మూడు సార్లు తిరిగింది. మూడు అచ్చులూ వర్క్‌షాపు బల్ల మీద వరసగా పెట్టి ఆయన్ని పిలిచింది.

"ఇటు చూడండి. ఎడమవైపు ముద్ర పడింది. కుడివైపు ఏమీ లేదు, గాలి. ఇక్కడ మడమ దిగబడింది. ఇది కూర్చున్న మనిషి అచ్చు కాదండీ, లేవబోతున్న మనిషిది."

"ఆ లారీ అడ్డం వచ్చినప్పుడు తీసినట్టున్నావు."

"మూడు సార్లూ అదే లారీ వచ్చిందా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే మేడం వాళ్ళక్క వచ్చింది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ సుఖంగా కూర్చునే మనిషి. సరదాకి ఆవిణ్ణి సంచి మీద కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పితే, బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాట అందుకుంది. అచ్చు దిద్దినట్టు పడింది.

"నాదేముంది మరిదిగారూ, కూర్చోమంటే కూర్చుంటాను" అంది వదిన, ఆ అచ్చును పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటూ. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం భార్య సూటిగా చెప్పింది. "బుధవారం దాకా చూస్తాను. ఆ సాయంత్రం తోలు కొయ్యకపోతే ఆదివారానికి సీటు తయారు కాదు. అప్పటికీ మీ కొలత కుదరకపోతే అక్క కొలతకి కోసేస్తా. ఒకసారి కోశాక ఇంకెవరూ అందులో ఇమడరు."

"అయితే మీ అక్కే వెళ్తుందన్నమాట."

"నాకు మీరే రావాలనుంది. కానీ పక్కన మనిషి కావాలి నాకు. పరీక్ష పెట్టేవాడు కాదు."

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే మాస్టారికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి పరుగెత్తారు. అందరూ అతన్ని గ్రీజు అంటారు. ఇరవై ఏళ్ళుగా డ్రైవింగు స్కూలు కార్లకు పక్క పెడళ్ళు బిగించేది అతనే. మాస్టారి ఆలోచన తేలికైనది. కాలి కింద పెడలుంటే కాలికి ధైర్యం. కాలికి ధైర్యం వస్తే ఒళ్ళు కుదురుగా కూర్చుంటుంది. ఒళ్ళు కుదిరితే అచ్చు కుదురుతుంది.

"ఆ బండికా?" గ్రీజు నోరు వెళ్ళబెట్టాడు. "వద్దు మాస్టారూ, అది చాలా సున్నితమైన సరుకు."

"నా కాపురం కూడా సున్నితంగానే ఉంది. పరుపు కింద, పైకి కనబడకుండా బిగించు."

గ్రీజు తల గోక్కున్నాడు. మేడం తోలు తేవడానికి వెళ్ళిన రెండు గంటల్లో వచ్చి బిగించి పోయాడు.

మంగళవారం నాలుగోసారి బయల్దేరారు. పరుపు కింద పెడలు తగలగానే మాస్టారి మొహం విప్పారింది. మొదటి కూడలి దగ్గర మెల్లగా నొక్కారు. బండి మెల్లగా ఆగింది. బడి గేటు దగ్గర నొక్కారు, నిదానించింది. కూరగాయల బండి అడ్డం వస్తే గట్టిగా నొక్కారు, గట్టిగా ఆగింది. ఎంత బాగా పనిచేస్తోందో! గ్రీజుకు శాలువా కప్పాలనుకున్నారు. భార్య ఏమీ కనిపెట్టలేదని కూడా అనుకున్నారు. దారి పొడవునా నలభై సార్లు తొక్కి ఉంటారు. దిగాక, ఆవిడ అచ్చును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలా నయం. కుడివైపు కూడా కాస్త పడింది. కానీ ఈ మడమ ఇంకా దిగబడే ఉంది. రేపు మధ్యాహ్నం ఆఖరుసారి చూద్దాం."

బుధవారం పొద్దున మాస్టారు గ్రీజు దగ్గరికెళ్ళి వీపు తట్టారు. "పెడలు అద్భుతంగా ఉందోయ్. కాకపోతే కాస్త గట్టిగా ఉంది, మడమ దిగబడుతోంది. స్ప్రింగు కొంచెం వదులు చెయ్యి."

గ్రీజు చేతిలో పానా వదిలేసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మాస్టారూ, మీరు తిట్టనంటే ఒక మాట చెప్తా. ఆ పెడలు దేనికీ తగిలించలేదు."

"ఏమిటీ?"

"ఆ బండి బ్రేకులు దాని కంప్యూటరు మాట వింటాయి, నా మాట వినవు. వాటిని కెలికి మీ ఇద్దర్నీ ప్రమాదంలో పెట్టడానికి నాకు చెయ్యాడలేదు. మీ మనసు కష్టపెట్టలేక ఉత్త పెడలు పెట్టా. కింద స్ప్రింగు తప్ప ఇంకేం లేదు."

"అదేమిటోయ్! నేను తొక్కినప్పుడల్లా బండి ఆగింది!"

"ఆపింది మేడం" అన్నాడు గ్రీజు.

మాస్టారు అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డారు. నలభై సార్లు. కూడలి దగ్గర, బడి దగ్గర, కూరగాయల బండి దగ్గర. ఒక్కచోట కూడా తన కాలు ముందు పడి ఆవిడ కాలు ఆలస్యం కాలేదు. అయ్యుంటే తన పెడలు ఉత్తదని అక్కడికక్కడే తెలిసేదే. నాలుగు వేల మందిలో ఇంత బాగా నడిపిన వాళ్ళను ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టగలరు. అలాంటి మనిషిని పదిహేడు సార్లు ఆపి, కూడలిలో దింపేశారు. ఆ తలుపు మెల్లగా పడిన చప్పుడు ఇప్పుడు చెంప మీద పడ్డట్టయింది. ఆయనకు తనమీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది, భార్యను తలుచుకుంటే గర్వమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చెయ్యాలో తోచక, గ్రీజును పది నిమిషాలు ఆపకుండా తిట్టారు.

తిట్టడం అయ్యాక, "వచ్చి దాన్ని పీకెయ్" అన్నారు.

మధ్యాహ్నం వదిన కూడా వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుంది, ఎవరి కొలత ఖాయమవుతుందో చూసి పోదామని. కారు కప్పు తీశారు. మాస్టారు సంచి మీద కూర్చుని కాళ్ళు చాపారు. కాలి కింద పరుపు తప్ప ఏమీ లేదు.

మొదటి పావుగంట నరకం. కాలు తొక్కబోవడం, కింద ఏమీ తగలకపోవడం, ఈలోగా బండి దానంతటదే నిదానించడం. ఊరి చుట్టూ వేసిన పెద్ద రోడ్డెక్కారు. అక్కడ సిగ్నళ్ళు లేవు, మలుపులున్నాయి. మొదటి మలుపులో మాస్టారి లెక్క ప్రకారం బ్రేకు పడాలి. ఆవిడ వెయ్యలేదు, గేరు మాత్రం తగ్గించింది. బండి రోడ్డును అంటిపెట్టుకుని హాయిగా తిరిగింది. రెండో మలుపులోనూ అంతే. మూడో మలుపులో మాస్టారు తన లెక్కే తప్పని ఒప్పుకున్నారు. పైకి కాదు, లోపల.

తరవాత లెక్కపెట్టడం మానేశారు. లెక్కపెట్టకపోతే ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు, కారులో ఇంకేం చేస్తారో ఎన్నడూ చూడలేదు మరి. తల వెనక్కి వాల్చి చూస్తే పైన ఆకాశం ఉంది. ఎండ వెచ్చగా ఉంది. జుట్టులో గాలి ఆడుతోంది. ఇంజను లోగొంతుకతో ఒకే మాట అంటూ పోతోంది.

మెలకువ వచ్చేసరికి ఎండ అటువైపు నుంచి ఇటువైపుకు మారింది. మాస్టారి నోరు తెరుచుకునే ఉంది. కుడికాలు చెప్పు వదిలేసి, ఎవరిదో కాలు లాగా ఒక మూల పడి ఉంది. కింద సంచి గట్టిగా, ఒంటికి అతుక్కుపోయినట్టుంది. వాహనంలో నిద్రపోవడం ఆయన జీవితంలో ఇదే మొదలు.

"ఎక్కడున్నాం?" అన్నారు కంగారుగా.

"పెద్ద రోడ్డు మీదే. నాలుగో చుట్టు."

"మన ఇంటి మలుపు..."

"మూడుసార్లు దాటిపోయింది."

"కొలతో?"

"మొదటి చుట్టులోనే కుదిరింది. రెండువైపులా సమానంగా ఉంది."

"మరి కుదిరితే ఇంటికి పోవాలి కదా! సాయంత్రానికి తోలు కొయ్యాలన్నావు. వదిన గుమ్మంలో కూర్చునుంది. ఎందుకాపలేదు?"

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"బ్రేకు వేస్తే లేస్తారని."

మాస్టారు కళ్ళజోడు కోసం తడుముకున్నారు, దొరకలేదు. ఇంకో చుట్టు తిప్పమని అడిగి, కళ్ళు మూసుకున్నారు.